వాడకుండా ఉంచిన కారు బ్యాటరీ ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏ రకం కొనాలి, ఎలా ఉంచాలి

కారు బ్యాటరీ కొనేటప్పుడు చాలామంది అడిగేవి రెండే: వారంటీ ఎంత, కెపాసిటీ ఎంత. ఎప్పుడు తయారైంది, అప్పటి నుంచి దాన్ని ఎలా ఉంచారు అని అడిగేవాళ్లు తక్కువ. అసలు చూడాల్సింది అక్కడే. ఒక్క రోజు కూడా వాడని బ్యాటరీ షెల్ఫు మీద ఉన్నచోటనే పాడైపోగలదు. సరిగ్గా చూసుకుంటే ఏడాది దాటినా కొత్తదానిలాగే ఇంజిన్ తిప్పగలదు.

కార్లలో మామూలుగా ఉండే లెడ్ యాసిడ్ (సీసం, యాసిడ్) బ్యాటరీకి మందుల సీసా మీద ఉన్నట్టు ఎక్స్‌పైరీ డేట్ ఉండదు. ఎంత ఛార్జింగ్‌తో, ఎంత వేడిలో, ఎన్నాళ్లు పడి ఉంది అన్న మూడూ కలిసి దాని వయసును తేలుస్తాయి. మధ్యమధ్యలో ఛార్జ్ చేస్తూ 12.6 వోల్టుల దగ్గర నిలబెట్టిన ఏడాది పాత బ్యాటరీ ఒకటి, 12.1కి దిగిపోయి ఎవరూ ముట్టుకోని ఆరు నెలల బ్యాటరీ ఒకటి ముందున్నాయనుకోండి. మొదటిదే తీసుకోవాలి. స్పేర్‌గా కొనేవాళ్లకు, కారును నెలల తరబడి ఆపి ఉంచేవాళ్లకు, షాపులో పాత స్టాకు ఎదురైనవాళ్లకు కొలమానం ఇదే.

పక్కన పెట్టినా ఎందుకు దిగిపోతుంది

పాజిటివ్ ప్లేటు మీద లెడ్ డయాక్సైడ్, నెగటివ్ ప్లేటు మీద స్పాంజిలాంటి సీసం, మధ్యలో సల్ఫ్యూరిక్ యాసిడ్. ఏ వైరూ తగిలించకపోయినా ఈ మూడింటి మధ్య నెమ్మదిగా రసాయన చర్య జరుగుతూనే ఉంటుంది. దాంతో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వోల్టేజీ కొద్దికొద్దిగా తగ్గుతుంది.

ఇంతవరకు నష్టం లేదు. కొత్తగా ఏర్పడిన సల్ఫేట్ సన్నని, మెత్తని స్ఫటికాలుగా ఉంటుంది. ఛార్జర్ పెడితే మళ్లీ సీసంగా, యాసిడ్‌గా మారిపోతుంది. తక్కువ ఛార్జింగ్‌తో వారాలు, నెలలు వదిలేస్తేనే చిక్కు. ఆ చిన్న స్ఫటికాలు కరిగి, పెద్ద స్ఫటికాలుగా గట్టిపడతాయి. వాటిలోంచి కరెంటు సరిగ్గా పారదు, ఛార్జర్ పెట్టినా అవి కరగవు. ప్లేటులో ఆ భాగం శాశ్వతంగా పోయినట్టే. మెకానిక్కులు సల్ఫేషన్ అనేది దీన్నే.

అంటే ఛార్జింగ్ దిగడం వేరు, సల్ఫేషన్ పట్టడం వేరు. మొదటిదాన్ని వెనక్కి తిప్పవచ్చు, రెండోదాన్ని తిప్పలేం. మొదటిది రెండోదిగా మారేలోపు మనకున్న వ్యవధే షెల్ఫ్ లైఫ్. మామూలు బ్యాటరీకి ఆ హద్దు 12.4 వోల్టులు, అంటే సుమారు 75 శాతం ఛార్జింగ్. ఏజీఎం రకానికి (యాసిడ్‌ను గాజు నూలు చాపల్లో పీల్చి ఉంచేది) 12.5 అనుకోండి. అంతకంటే కిందికి పోనివ్వకుండా చూస్తే చాలావరకు గెలిచినట్టే.

ఇక వేడి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఛార్జింగ్ దిగే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర నెలకు 3 శాతం దిగే బ్యాటరీ నాలుగోవంతు కోల్పోవడానికి ఎనిమిది నెలలు పడుతుంది. అదే 35 డిగ్రీల గదిలో నాలుగు నెలలు, 45 డిగ్రీలకు చేరే రేకుల షెడ్డులో రెండు నెలలే. 15 డిగ్రీల చల్లని గదిలో ఏడాది దాటి నిలుస్తుంది. అట్ట పెట్టె మీద ‘ఆరు నెలలు’ అని ఉంటే, ఎంత ఉష్ణోగ్రత దగ్గర అన్నది కూడా చదవాలి.

ఛార్జింగ్ నిండుగా ఉంచినా ఆగనిది ఇంకొకటి ఉంది. పాజిటివ్ ప్లేటు లోపలి సీసపు జాలీ మెల్లగా తుప్పు పడుతూ ఉంటుంది. వేడిలో అది కూడా వేగం పుంజుకుంటుంది. అందుకే ఎంత బాగా చూసుకున్నా రెండు, మూడేళ్లు షెల్ఫు మీదున్న బ్యాటరీ నుంచి కొత్తదాని ఆయుష్షంతా ఆశించకూడదు.

రకాల మధ్య తేడా

కింది అంకెలు 25 డిగ్రీల దగ్గర, కొత్త బ్యాటరీకి, వైర్లన్నీ తీసి ఉంచినప్పటివి. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

| రకం | నెలకు దిగే ఛార్జింగ్ | ఎప్పటికల్లా మళ్లీ ఛార్జ్ చేయాలి |
|---|---|---|
| నీళ్లు పోసే రకం (యాంటిమొనీ ప్లేట్లు) | 5–10 శాతం | 2–3 నెలలు |
| మెయింటెనెన్స్ ఫ్రీ (కాల్షియం ప్లేట్లు), ఈఎఫ్‌బీ (ద్రవ యాసిడ్ రకాన్నే మరింత బలపరిచింది) | 2–4 శాతం | 6 నెలలు |
| ఏజీఎం | 1–3 శాతం | 6–9 నెలలు |
| జెల్ (యాసిడ్ ముద్దగా గట్టిపడి ఉండేది) | 2–3 శాతం | 6 నెలలు |
| లిథియం ఐరన్ ఫాస్ఫేట్ | 1–3 శాతం | 6–12 నెలలు |
| డ్రై ఛార్జ్డ్ (యాసిడ్ పోయకముందు) | దాదాపు లేదు | సీలు చెడకుండా ఉంటే 2 ఏళ్ల వరకు |

మొదటి రెండు వరుసల మధ్య ఇంత తేడాకు కారణం ప్లేటు జాలీలో కలిపే లోహం. సీసం మెత్తన కాబట్టి గట్టిపడటానికి దానిలో వేరే లోహం కలుపుతారు. పాత పద్ధతిలో అది యాంటిమొనీ. పాజిటివ్ ప్లేటు నుంచి యాంటిమొనీ కొంచెం కొంచెంగా యాసిడ్‌లోకి కరిగి నెగటివ్ ప్లేటు మీదికి చేరుతుంది. అక్కడ హైడ్రోజన్ సులువుగా పుట్టేలా చేస్తుంది. దానివల్ల ఛార్జింగ్ దిగుతుంది, నీళ్లూ తగ్గుతాయి. బ్యాటరీ పాతబడేకొద్దీ నెగటివ్ ప్లేటు మీద యాంటిమొనీ ఎక్కువవుతుంది కాబట్టి, నాలుగేళ్లు వాడినది కొత్తదానికంటే చాలా వేగంగా దిగిపోతుంది. కాల్షియం ఈ పని చేయదు. అందుకే మూతలు లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీలన్నీ కాల్షియం వైపు మళ్లాయి.

కాల్షియానికీ ఒక బలహీనత ఉంది. పూర్తిగా దిగిపోతే తేరుకోవడం కష్టం. జాలీకీ, దాని మీది పదార్థానికీ మధ్య కరెంటును అడ్డగించే పొర ఏర్పడుతుంది. హెడ్‌లైట్లు వేసి మరిచిపోయి రెండు మూడుసార్లు పూర్తిగా డౌన్ అయితే ఆ బ్యాటరీ మునుపటిలా ఉండదు. యాంటిమొనీ రకం ఇలాంటి దెబ్బలను కొంచెం మెరుగ్గా తట్టుకుంటుంది. పాజిటివ్‌కు యాంటిమొనీ, నెగటివ్‌కు కాల్షియం వాడే హైబ్రిడ్ రకం రెంటికీ మధ్యలో ఉంటుంది.

ఏజీఎంలో యాసిడ్ గాజు నూలు చాపల్లో పీల్చుకుని ఉంటుంది. ద్రవం కదలదు కాబట్టి అడుగున చిక్కని యాసిడ్, పైన పల్చని యాసిడ్‌గా విడిపోయే సమస్య లేదు. నిండుగా ఉన్నప్పుడు మామూలు బ్యాటరీ 12.65–12.7 చూపిస్తే ఇది 12.8–12.9 చూపిస్తుంది. నెమ్మదిగా దిగుతుందని సల్ఫేషన్ రాదనుకోకూడదు. లోపలున్నది అదే సీసం, అదే యాసిడ్. పైగా నీళ్లు పోగొట్టుకుంటే తిరిగి పోసే దారి లేదు. ఛార్జర్ వోల్టేజీ 14.8 దాటకూడదు. కొన్ని ఛార్జర్లలో 16 వోల్టుల దాకా వెళ్లే రీకండిషనింగ్ మోడ్ ఉంటుంది, దాన్ని ఏజీఎం మీద వాడొద్దు. జెల్ ఇంకా సుకుమారం, దానికి 14.1–14.4 చాలు. కారు స్టార్టింగ్ కోసం జెల్‌ను మేము సూచించం. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వడంలో అది ఏజీఎం కంటే వెనకబడుతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ లెక్క పూర్తిగా వేరు. దీనికి సల్ఫేషన్ అన్నదే లేదు. సగం ఛార్జింగ్‌తో పెట్టడమే మంచిది, అంటే సుమారు 13.1–13.2 వోల్టులు. నిండుగా నింపి వేడిలో పెడితేనే వయసు తరుగుతుంది. అయితే లోపలి రక్షణ సర్క్యూట్ తనకోసం కొంచెం కరెంటు తాగుతూ ఉంటుంది. బ్యాటరీ అడుగంటితే ఆ సర్క్యూట్ అవుట్‌పుట్‌ను ఆపేస్తుంది, మీటరులో సున్నా కనిపిస్తుంది. అలాగే వదిలేసి సెల్లు మరీ కిందికి పోతే మళ్లీ ఛార్జ్ చేయడం ప్రమాదకరం. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు. కారు ఆల్టర్నేటర్‌తో (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) పనిచేస్తుందని తయారీదారు రాతపూర్వకంగా చెప్పినవాటినే తీసుకోవాలి.

ఎవరికి ఏది

కారు వారానికి నాలుగు రోజులు తిరుగుతుంటే ఈ తేడాలేవీ పెద్దగా పట్టవు. కాల్షియం రకం కొని నిశ్చింతగా ఉండొచ్చు.

కారు రెండు నుంచి ఆరు నెలలు ఆగిపోతుంది, దగ్గరలో ప్లగ్ పాయింట్ లేదు అనుకుంటే ఏజీఎం మీద పెట్టిన అదనపు డబ్బు వృథా కాదు. ప్లగ్ పాయింట్ ఉంటే మాత్రం కాల్షియం బ్యాటరీ, ఒక మంచి ఫ్లోట్ ఛార్జర్ (నింపాక తనంతట తాను వోల్టేజీ తగ్గించుకుని నిలబెట్టేది) కలిపి కొనడమే మెరుగు. రకం మార్చడం కంటే ఛార్జింగ్ నిలబెట్టడమే ఎక్కువ ఆయుష్షు ఇస్తుంది. స్టార్ట్–స్టాప్ (కారు ఆగినప్పుడు ఇంజిన్ తానే ఆగి, మళ్లీ తానే స్టార్ట్ అయ్యే ఏర్పాటు) ఉన్న కారుకు ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం ఏది వచ్చిందో దాన్నే వేయాలి. ఏజీఎం వచ్చిన కారులో మామూలుది వేస్తే త్వరగా పోతుంది.

స్పేర్ బ్యాటరీ కొని ఇంట్లో పెట్టుకుందాం అనే ఆలోచనను మేము సమర్థించం. అవసరమైన రోజున తాజాది కొనడమే మంచిది. బ్యాటరీ దొరకడమే కష్టమైన చోట, పాతకాలపు కారుకు అరుదైన సైజు కావలసినప్పుడు మాత్రం స్పేర్‌కు అర్థం ఉంది. అలాంటప్పుడు డ్రై ఛార్జ్డ్ దొరికితే అదే తీసుకోండి. ప్లేట్లను ఫ్యాక్టరీలోనే ఛార్జ్ చేసి, కడిగి, ఆరబెట్టి, తేమ చొరకుండా సీలు వేస్తారు. యాసిడ్ విడిగా వస్తుంది. యాసిడ్ పోసేదాకా గడియారం మొదలవదు. కాకపోతే సీలు ఊడినా, మూత వదులైనా గాలిలోని తేమతో నెగటివ్ ప్లేట్లు ఆక్సైడ్ పడతాయి. అప్పుడు ‘డ్రై ఛార్జ్డ్’ అన్న పేరు మాత్రమే మిగులుతుంది.

దాన్ని వాడకంలోకి తెచ్చేటప్పుడు తొందర పనికిరాదు. లేబుల్ మీద రాసిన గ్రావిటీ (నీటితో పోలిస్తే యాసిడ్ ఎంత చిక్కన అన్న అంకె) ఉన్న రెడీమేడ్ యాసిడ్‌ను (సాధారణంగా 1.260–1.280) గుర్తు గీత దాకా పోసి అరగంట వదిలేయాలి. ప్లేట్లు, సెపరేటర్లు పీల్చుకోవడంతో మట్టం తగ్గుతుంది. మళ్లీ అదే యాసిడ్‌తో సరిచేయాలి. యాసిడ్ పోసేది ఈ ఒక్కసారే, ఆ తర్వాత జీవితాంతం డిస్టిల్డ్ వాటరే. అరగంట తర్వాత 12.5 వోల్టులు దాటితే బాగున్నట్టు. దాటకపోయినా, ముట్టుకుంటే బాగా వెచ్చగా అనిపించినా సీలు ఎక్కడో చెడిందని అర్థం, పూర్తిగా ఛార్జ్ చేయనిదే కారుకు పెట్టకూడదు. దాటినా సరే కొద్దిసేపు ఛార్జ్ చేసి బిగించడం మంచిది.

షాపులో పాత స్టాకు: తీసుకోవాలా, వదలాలా

మొదట తేదీ. ఇది ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది. కొన్ని స్టిక్కర్ మీద నెల, ఏడాది చిల్లులు పెట్టి చూపిస్తాయి. కొన్ని మూత మీదో టెర్మినల్ తలమీదో కోడ్ చెక్కుతాయి. అక్షరం–అంకె పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది: ఎ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా ఎల్ అంటే డిసెంబర్. పక్కనున్న అంకె ఏడాదిలో చివరిది. ‘సి5’ అని ఉంటే 2025 మార్చి. స్టిక్కర్ ఊడదీయవచ్చు, చెక్కినది చెరపలేరు. రెండూ ఉంటే చెక్కినదాన్నే నమ్మండి. అర్థం కాకపోతే ఆ కంపెనీ కోడ్ ఎలా చదవాలో షాపువాళ్లనే చూపించమనండి. చెప్పలేకపోయినా, చెప్పడానికి తటపటాయించినా ఇంకో షాపు చూసుకోవచ్చు.

తర్వాత వోల్టేజీ. రెండు దశాంశాలు చూపించే డిజిటల్ మల్టీమీటర్ కావాలి, ఎందుకంటే 12.2కూ 12.6కూ మధ్య తేడా అంటే సగం బ్యాటరీ తేడా. 12.65 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 దగ్గర 75 శాతం, 12.2 దగ్గర సగం, 12.0 దగ్గర పావు, 11.9 కంటే తక్కువైతే ఖాళీ. ఏజీఎంకు వీటికి 0.1–0.2 వోల్టు కలుపుకోండి.

ఇక్కడ మోసపోయే చోటు ఒకటి ఉంది. పొద్దున్నే ఛార్జర్ పెట్టి తీసిన బ్యాటరీ పైపై ఛార్జింగ్ వల్ల 12.9 నుంచి 13 వోల్టులు చూపిస్తుంది, లోపల సగమే ఉన్నా సరే. ఆ పైపొర పోవాలంటే ఒక రాత్రంతా వదిలేయాలి. అంత సమయం లేకపోతే 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు రెండు మూడు నిమిషాలు వెలిగించి ఆపండి. పది నిమిషాలు ఆగి కొలిస్తే నిజానికి దగ్గరైన రీడింగ్ వస్తుంది. రీడింగ్ 12.7 దగ్గర నిలబడితే మంచిది, 12.3కి జారితే వదిలేయండి.

మూత మీద ఛార్జింగ్ చూపించే ఆకుపచ్చ కన్నును చూసి సంతృప్తి పడొద్దు. అది ఆరు సెల్లలో ఒక్క సెల్లు గురించే చెబుతుంది. దాదాపు 65 శాతం ఛార్జింగ్ ఉంటే చాలు, ఆకుపచ్చగానే కనిపిస్తుంది. మిగతా ఐదు సెల్లలో ఒకటి చచ్చి ఉన్నా దానికి తెలియదు.

ఈ రెండూ చూశాక మా లెక్క ఇలా ఉంటుంది. తయారై మూడు నెలల లోపైతే వోల్టేజీ ఒకసారి చూసి తీసుకోండి. మూడు నుంచి ఆరు నెలలైతే 12.5కు తగ్గకూడదు. ఆరు నుంచి పన్నెండు నెలలైతే కాల్షియం, ఏజీఎం మాత్రమే పరిశీలించండి. 12.6 ఉండాలి, ఏజీఎంకు 12.7. లోడ్ టెస్ట్ కూడా చేయించుకోవాలి. నీళ్లు పోసే రకం ఈ వయసుదైతే, మధ్యలో ఛార్జ్ చేశారన్న ఆధారం లేకుండా ముట్టుకోవద్దు. ఏడాది దాటితే ధర ఎంత తగ్గించినా మేము వద్దనే అంటాం, క్రమం తప్పకుండా ఛార్జ్ చేసినట్టు రాసి పెట్టుకున్న షాపైతే తప్ప. దొరికిన తగ్గింపు ఒక ఏడాది ఆయుష్షు పోవడంతో సరిపోతుంది.

లోడ్ టెస్ట్ అంటే బ్యాటరీ మీద రాసిన సీసీఏ (చలిలో ఇంజిన్ తిప్పడానికి ఇవ్వగల కరెంటు) అంకెలో సగం కరెంటును 15 సెకన్లు లాగడం. 500 సీసీఏ అయితే 250 ఆంపియర్లు. 20 డిగ్రీల పైచిలుకు ఉష్ణోగ్రతలో ఆ 15 సెకన్లూ 9.6 వోల్టుల కంటే కిందికి పోకూడదు. ముందు బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయి ఉండాలి, లేకపోతే మంచిది కూడా ఫెయిల్ అవుతుంది. వారంటీ కార్డు మీద అమ్మిన తేదీ వేయించుకోవడం మరవొద్దు. కొన్నిచోట్ల అది లేకపోతే తయారీ తేదీ నుంచే లెక్కిస్తారు.

ఉంచే పద్ధతుల్లో ఏది మేలు

కారులోనే తగిలించి వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. ఇంజిన్ ఆపి కీ తీసేసినా గడియారం, అలారం, కంప్యూటర్లు కలిసి 20–50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటాయి. 50 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్. 60 ఆంపియర్ అవర్ బ్యాటరీలో నాలుగోవంతు పన్నెండు, పదమూడు రోజుల్లో పోతుంది, సగం 25 రోజుల్లో. బ్యాటరీ దానంతట అది దిగడం (సెల్ఫ్ డిశ్చార్జ్) దీని ముందు లెక్కలోకే రాదు. ఎంత ఖరీదైన ఏజీఎం కొన్నా ఇలా వదిలేస్తే నెలకే హద్దు దాటుతుంది.

వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచడం చాలామంది చేసే పని. దీనితో బ్యాటరీ నిలబడదు. వారంలో 8.4 ఆంపియర్ అవర్ పోతే, పది నిమిషాల ఐడిల్ దానిలో చిన్న భాగాన్నే తిరిగి ఇస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గించుకుంటుంది కాబట్టి చివరి 20 శాతం నిండటానికి గంటలు పడుతుంది. నడపగలిగితే 40 నిమిషాలకు తగ్గకుండా రోడ్డు మీద నడపండి.

నెగటివ్ వైరు తీసేయడం ఖర్చు లేని మంచి పద్ధతి. కారు లాగే కరెంటు ఆగిపోతుంది, బ్యాటరీ తన రకానికి తగ్గట్టు నెలల తరబడి నిలుస్తుంది. ముందు రేడియో కోడ్ (వైరు తీసి పెట్టాక కొన్ని రేడియోలు అడిగే అంకె) మీ దగ్గర ఉందేమో చూసుకోండి. డిక్కీ ఎలక్ట్రిక్ లాక్ మీదే తెరుచుకుంటుంటే, బ్యాటరీ కూడా డిక్కీలోనే ఉంటే, తాళంతో తెరిచే దారి చూసుకోకుండా మూయొద్దు. తీసేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్ విప్పుతుంటే పానా బాడీకి తగిలినా అప్పుడు షార్ట్ కాదు.

ఫ్లోట్ ఛార్జర్ అన్నిటికంటే మేలైనది. మొదట 14.4 దగ్గర నింపి, తర్వాత తనంతట తాను 13.2–13.6 వోల్టులకు దిగి అక్కడే నిలబెడుతుంది. దీన్నీ, పాత రకం ట్రికిల్ ఛార్జర్‌నూ ఒకటనుకోకూడదు. పాతది బ్యాటరీ నిండినా ఆగకుండా కరెంటు పంపుతూనే ఉంటుంది. నిండిన తర్వాత వెళ్లే ప్రతి ఆంపియర్ అవర్ ఒక్కో సెల్లులో 0.336 గ్రాముల నీటిని విడగొడుతుంది, ఆరు సెల్లలో కలిపి 2 గ్రాములు. ఒక ఆంపియర్ చొప్పున రోజంతా పంపితే దాదాపు 48 గ్రాములు, నెలకు లీటరున్నర దగ్గర. మూతలు లేని బ్యాటరీలో ఆ నీళ్లు తిరిగి పోయలేం. కొనేముందు ఫ్లోట్ వోల్టేజీ ఎంతో పెట్టె మీద రాసి ఉందేమో చూడండి. రాసి లేకపోతే కొనొద్దు.

ప్లగ్ పాయింట్ లేని ఆరుబయట సోలార్ ప్యానెల్ ఉపయోగపడుతుంది. మంచి ఎండలో 10 వాట్ల ప్యానెల్ రోజుకు 2 ఆంపియర్ అవర్ పైనే ఇస్తుంది. అద్దం వెనక, వాలుగా పెడితే సగమే అనుకోండి, అంటే కారు లాగే కరెంటుకు సరిపోతుంది కానీ దిగిపోయినదాన్ని నింపలేదు. చిన్న రెగ్యులేటర్ ఉండాలి. ప్యానెల్ వైరును సిగరెట్ సాకెట్‌కు పెట్టేముందు, ఇంజిన్ ఆపి కీ తీశాక ఆ సాకెట్‌లో కరెంటు ఉంటుందో లేదో చూడండి. చాలా కార్లలో ఉండదు. అప్పుడు ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలపాలి.

పక్కన పెట్టే ముందు, పెట్టాక

ముందు పూర్తిగా ఛార్జ్ చేయండి, కెపాసిటీలో పదోవంతు కరెంటుతో: 60 ఆంపియర్ అవర్‌కు 6 ఆంపియర్లు. నీళ్లు పోసే రకానికి మట్టం ప్లేట్లకు 10–15 మిల్లీమీటర్లు పైన ఉండాలి. నీళ్లు ఛార్జింగ్ అయ్యాకే పోయాలి, ముందే నింపితే ఛార్జింగ్‌లో పొంగి బయటికొస్తుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందుగా పోయండి.

బ్యాటరీ పై మూత తుడవడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ దుమ్ము, తేమ, యాసిడ్ ఆవిరి కలిసిన ఆ పొర మీదుగా పాజిటివ్ నుంచి నెగటివ్‌కు కరెంటు పాకుతుంది. మీటరు నల్ల ప్రోబ్ నెగటివ్ మీద పెట్టి, ఎర్ర ప్రోబ్‌ను మూత ప్లాస్టిక్ మీద అటూ ఇటూ జరపండి. అర వోల్టో ఒక వోల్టో కనిపిస్తే ఆ లీకేజీని కళ్లారా చూసినట్టే. మూతలు గట్టిగా బిగించి, గ్లాసు నీళ్లలో చెంచాడు వంట సోడా కలిపి ఆ నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, మంచినీళ్ల తడిగుడ్డతో మళ్లీ తుడిచి ఆరనివ్వండి. సోడా నీళ్లు సెల్లులో పడకూడదు. పడితే యాసిడ్ అక్కడికక్కడే చెడిపోతుంది.

చోటు చల్లగా, పొడిగా, గాలి ఆడేలా ఉండాలి. సిమెంటు నేల మీద పెడితే ఛార్జింగ్ దిగిపోతుందన్న మాట ఇంకా వినిపిస్తుంది. తేమ పీల్చే చెక్క పెట్టెలు, కారే రబ్బరు డబ్బాల కాలంలో అందులో నిజం ఉండేది. ఇప్పటి పాలీప్రొపిలీన్ డబ్బా గుండా కరెంటు పోదు. చల్లని నేల ఒకరకంగా మేలే చేస్తుంది. గడ్డకట్టే చలి ఉన్నచోట భయపడాల్సింది ఖాళీ బ్యాటరీకే. నిండుగా ఉన్నదాని యాసిడ్ సున్నాకు 50 డిగ్రీలు కింద కూడా గడ్డకట్టదు. ఖాళీగా ఉన్నది సున్నాకు పది డిగ్రీల కిందనే గడ్డకట్టి డబ్బా పగిలిపోగలదు.

తర్వాత క్యాలెండర్‌లో రాసుకుని నెలకోసారి వోల్టేజీ చూడండి. 12.4కు దిగేదాకా ఎదురుచూడాల్సిన పనేం లేదు, 12.5 కనిపించగానే ఛార్జర్ పెట్టేయండి. మూతలు తెరుచుకునే రకానికి హైడ్రోమీటర్‌తో (యాసిడ్ గ్రావిటీ కొలిచే సాధనం) ఆరు సెల్లూ చూడటం ఇంకా మంచిది. నిండుగా ఉంటే 1.265–1.280, సగముంటే 1.190. అన్నీ సమానంగా తగ్గితే అది మామూలు దిగుడే. ఒక్క సెల్లు మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ మీద ఆశ పెట్టుకోవద్దు.

దిగిపోయి దొరికితే

అటక మీదో గ్యారేజీ మూలనో 11.5 వోల్టులతో వాడని బ్యాటరీ దొరికితే ఒకసారి ప్రయత్నించవచ్చు. డబ్బా ఉబ్బి ఉన్నా, పగిలి ఉన్నా, గడ్డకట్టి ఉన్నా ఛార్జర్ జోలికి వెళ్లొద్దు. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని చేయండి. గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది.

కెపాసిటీలో ఇరవయ్యోవంతు కరెంటుతో మొదలుపెట్టండి, 60 ఆంపియర్ అవర్‌కు 3 ఆంపియర్లు. ఒక రోజు, రోజున్నర పడుతుంది. వోల్టేజీ గంటల మీద నెమ్మదిగా 14.4కు ఎక్కితే ప్లేట్లు కరెంటు తీసుకుంటున్నట్టు. కాల్షియం రకానికి చివర్లో 14.8 దాకా అవసరమవుతుంది. పెట్టిన కొద్ది నిమిషాలకే వోల్టేజీ 15 దాటిపోయి కరెంటు సున్నాకు పడిపోతే సల్ఫేషన్ గట్టిపడిపోయిందని అర్థం. అన్ని గంటలు పెట్టి ఛార్జర్ తీశాక కూడా 10.5–10.6 దగ్గరే ఆగిపోతే ఒక సెల్లు షార్ట్ అయినట్టు: ఒక్కో సెల్లు 2.1 వోల్టులు, ఐదే పనిచేస్తున్నాయి. డబ్బా చేయి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే ఆపేయాలి.

ఛార్జింగ్ పూర్తయ్యాక తీసి, 24 గంటలు ఏమీ తగిలించకుండా ఉంచి కొలవండి. 12.6 నిలబడి లోడ్ టెస్ట్ పాసైతే వాడుకోవచ్చు, కాకపోతే దూర ప్రయాణం ఉన్న కారుకు కాదు. 12.4 కంటే తక్కువైతే ఇంకొక్కసారి అదే నెమ్మది ఛార్జింగ్ ఇచ్చి చూడండి. రెండోసారీ అంతే అయితే యాసిడ్ పారబోయకుండా, డబ్బా విప్పకుండా, కొత్త బ్యాటరీ కొన్నచోటే పాతదాని కింద ఇచ్చేయండి. సీసం కరిగించి మళ్లీ వాడతారు కాబట్టి దానికి ఎంతోకొంత తగ్గిస్తారు.